గుమ్మటం పడిన చోటు

కరుణాకరం సారు కోపం వస్తే అరిచేవాడు కాదు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచేవాడు. హైదరాబాదు నుంచి వచ్చి మార్కాపురంలో ఉన్నన్నాళ్ళూ ఆయన తుడిచిన తుడుపుకి ఆ అద్దాలు అరిగిపోతాయనుకున్నాను.

అప్పుడు మాది కర్నూలు జిల్లా. పాకిస్తానుతో యుద్ధం ఆగి నెల కాలేదు. నేను పలకల గని యజమాని దగ్గర జీపు నడిపేవాణ్ణి. సారు వాళ్ళు జీపును బాడుగకు మాట్లాడుకున్నారు. జీపుతోపాటు నేనూ పోయాను.

వాళ్ళ పని ఇదీ. హైదరాబాదులో పెద్ద గుమ్మటాన్ని, అదే బెలూన్ని, గాలిలోకి వదులుతారు. ఉల్లిపొర కంటే పలచటి ప్లాస్టిక్కుతో చేసింది. దాని కింద తాడుకు ఒక పెట్టె వేలాడుతుంది. అది విమానాలు పోయేదానికంటే పైకి, ఊపిరాడని చోటికి పోయి తేలుతుంది. పెట్టెలో నల్లకాగితం చుట్టిన గాజుపలకలుంటాయి. చుక్కల నడుమ నుంచి కంటికి కనపడని కిరణాలేవో వచ్చి వాటి మీద గీతలు పెడతాయట. ఆ గీతలు చదివితే పైన ఏముందో తెలుస్తుందట. రేపు మనవాళ్ళు రాకెట్లలో యంత్రాలు పంపాలంటే అది తెలియాలట. పని అయిపోయాక పెట్టెలో ఉన్న గడియారం తాడును తెంపుతుంది. పెట్టె గుడ్డ గొడుగు పట్టుకుని కిందికి దిగుతుంది. దిగిన చోట దాన్ని పట్టుకోవాలి.

"ఎండలో నాలుగు రోజులు పడుందంటే ఆ పలకల మీది పూత పాడవుతుంది. వాన తగిలితే ఒక్కరోజు చాలు" అన్నాడు సారు.

ఇంకో మాట ఆయన చెప్పలేదు, ఆయన దగ్గర పనిచేసే గిద్యోను చెప్పాడు. ఇది సారు మూడో గుమ్మటం. మొదటిది ఎగరకముందే చినిగింది. రెండోది సముద్రం పాలయింది. ఇదీ పోతే ఇక గుమ్మటం మాట ఎత్తొద్దని పైవాళ్ళు ఖరాఖండిగా చెప్పారు.

గాలి ఆ రోజుల్లో మావైపుకు తోస్తుందని లెక్కగట్టి, రెండు కొండల మీద రెండు దుర్భిణీలు పెట్టారు. మార్కాపురం కొండ మీద సారు, గిద్దలూరు కొండ మీద గిద్యోను. దుర్భిణీ కింద అంకెలు చెక్కిన చక్రం ఉంటుంది. పెట్టె ఏ దిక్కున దిగుతోందో ఆ అంకె చెప్తుంది. రెండు కొండల నుంచి పటం మీద రెండు గీతలు గీస్తే, అవి కలిసిన చోట పెట్టె ఉన్నట్టు. కొండకూ కొండకూ మాట్లాడుకోవడానికి వైర్‌లెస్సు.

అంతా బాగానే ఉంది. గిద్యోనుకు గిద్దలూరు నీళ్ళు పడలేదు. రెండు రోజులకే గొంతు పట్టేసింది. మాట బయటికి రాదు. వైర్‌లెస్సా, పీక చించుకుని అరిస్తేగాని పలకదు. అందుకని గిద్దలూరు ధాన్యం కొట్లలో కొలతలు కొలిచే లక్ష్మీనరసయ్యను పిలుచుకున్నాడు. ఆయన కుప్ప ముందు కూచుని లెక్క ఎత్తుకుంటే రైలు స్టేషనుకు వినపడుతుందని పేరు. గిద్యోను చూసి చెవిలో చెప్పాలి, లక్ష్మీనరసయ్య అరవాలి.

గుమ్మటం వదిలే ముందురోజు సారు పరీక్ష పెట్టాడు.

"ఏదీ, ఐదు రెండు ఒకటి అను."

"ఐదూ... రెండూ... లాభం!" వైర్‌లెస్సు అదిరింది.

సారు నా వైపు చూశాడు. "లాభమేమిటి?"

"ఒకటి సారూ. కొలతలో మేం లాభమనే ఎత్తుకుంటాం" అన్నాడు లక్ష్మీనరసయ్య అవతల నుంచి.

"ఇక్కడ కొలత లేదు. లాభం లేదు, నష్టం లేదు. ఒకటిని ఒకటి అను."

"అట్లనే సారూ. ఒకటి."

"ఇలాంటివి ఇంకేమైనా ఉన్నాయా?"

"ఎట్లాంటియి సారూ?"

"ఇలాంటి పిచ్చి అలవాట్లు."

"మాకు అట్లాంటియి ఏం లేవు సారూ" అన్నాడు లక్ష్మీనరసయ్య. కొంచెం నొచ్చుకున్నట్టే ఉంది.

మర్నాడు పొద్దెక్కాక గుమ్మటం కనపడింది. పగటిపూట చందమామ లాగా ఉంది. సారు దుర్భిణీకి కన్ను పెట్టినవాడు మళ్ళీ తీయలేదు. నీళ్ళు ఇస్తే తాగలేదు. మధ్యాహ్నం దాటాక "తెగింది, తెగింది" అని కేక పెట్టాడు. గుమ్మటం పీలికలైంది. దాని కింద తెల్లటి గొడుగు చుక్క ఒకటి మెల్లగా దిగుతోంది. అది కొండల చాటుకు పోయేముందు మా చక్రం మీది అంకె సారు చూసుకుని వైర్‌లెస్సులో అడిగాడు.

"గిద్దలూరు! ఎంత?"

గరగరమంది. అందులోంచి లక్ష్మీనరసయ్య గొంతు వచ్చింది. "ఆరూ..." గరగర. "ఒకటీ... మూడూ!"

"మళ్ళీ చెప్పు!"

"ఆరూ..." గరగర. "ఒకటీ... మూడూ!"

అంతే. బ్యాటరీ చచ్చింది. సారు పటం మీద గీత గీశాడు. ఆరు, ఒకటి, మూడు. అరవై ఒకటి, ఆపైన చుక్క పెట్టి మూడు. నేనూ అలాగే విన్నాను. రెండు గీతలూ తర్లుపాడు దాటాక చిల్లచెట్ల బీళ్ళలో కలిశాయి.

"దగ్గరే. సాయంత్రానికి చేతిలో ఉంటుంది" అన్నాడు సారు. ఆయన నవ్వగా చూసింది ఆ ఒక్కసారే.

ఆ సాయంత్రం లేదు, మర్నాడూ లేదు. చిల్లకంప ముళ్ళు దిగి జీపు టైర్లు రెండుసార్లు పంక్చరయ్యాయి. సారు ప్యాంటు మోకాళ్ళ దగ్గర చినిగింది. పెట్టె లేదు, గొడుగు లేదు, ప్లాస్టిక్కు పీలిక కూడా లేదు. మనుషుల్ని అడగడం ఇంకా కష్టమైంది. చూడలేదని చెప్పినవాడు ఒక్కడూ లేడు.

"చూడకేం సారూ, ఇట్ల పోయింది" అని ఒకాయన ఉత్తరం చూపించాడు.

"వాడి మొగం. అట్ల పోయింది" అని పక్కనున్నాయన దక్షిణం చూపించాడు.

"మీరు కళ్ళారా చూశారా?"

"నేను చూళ్ళేదు. మా బామ్మర్ది చూసినాడు."

"ఆయన ఎక్కడ?"

"నంద్యాల్లో ఉంటాడు."

సారు అద్దాలు తుడుచుకున్నాడు.

ఒక ముసలాయన ఇంకా వివరంగా చెప్పాడు. గుమ్మటంలో ఇద్దరు మనుషులున్నారట, ఒకడు బీడీ తాగుతున్నాడట. సారు ఆయనకు దండం పెట్టి జీపెక్కాడు. "ఆదెయ్యా, పోనియ్యి" అన్నాడు నాతో. ఎక్కడికని అడగలేదు. గేరు వేశాను.

మూడో రోజుకు తూర్పున మబ్బు లేచింది. ఉక్క. గిద్యోను, లక్ష్మీనరసయ్య గిద్దలూరులో రైలెక్కి మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగారు. వెతకడానికి మనుషులు కావాలని సారే తంతి ఇచ్చి రమ్మన్నాడు. గిద్యోను గొంతు ఇంకా పిల్లిలాగే ఉంది. లక్ష్మీనరసయ్య ఉతికిన పంచె కట్టుకుని, పెళ్ళికొచ్చినట్టు వచ్చాడు.

"దొరికిందా సారూ?" అన్నాడు దిగుతూనే.

సారు పోయి జీపులో కూచున్నాడు.

"దొరకలేదంట" అన్నాడు తనే గిద్యోనుతో. "మొగం చూస్తే తెలీడంలా?"

జీపులో పెట్రోలు అడుగంటింది. పొదిలి పోయి పోయించుకుని, మళ్ళీ వెనక్కి వచ్చి వెతుకుదామన్నాడు సారు. పొదిలి ఇంకో రెండు మైళ్ళుందనగా రోడ్డు పక్కన ఒకామె సీతాఫలాల గంప పెట్టుకుని కూచుంది. పొద్దుటి నుంచి ఎవరి కడుపులోనూ ఏమీ లేదు. నేనే జీపు ఆపాను. సారు ముందు సీట్లో తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నాడు. లక్ష్మీనరసయ్య గంప ముందు గొంతుక్కూచుని పండ్లు ఏరి కండువాలో వేసుకుంటున్నాడు. అలవాటు కొద్దీ రాగం తీశాడు.

"లాభం... రెండూ... మూడూ... నాలుగూ... ఐదూ... ఆరూ... ఆరున్నొక్కటీ... ఎనిమిదీ..."

సారు కళ్ళు తెరిచాడు.

"ఏమన్నావు?"

"ఎనిమిది సారూ. ఇంకో నాలుగు ఏసుకుంటా, మనం నలుగురం గదా."

"దానికి ముందు."

"ఆరున్నొక్కటి."

సారు జీపు దిగాడు. మెల్లగా నడిచి వచ్చి ఆయన ఎదురుగా నిలబడ్డాడు. "ఆరు తరవాత వచ్చేది ఏమిటి?"

"ఆరున్నొక్కటి సారూ."

"దాన్ని లోకంలో ఏమంటారు?"

లక్ష్మీనరసయ్య అటూ ఇటూ చూశాడు. పండ్లామె వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "అది... తెలుసు గదా సారూ. ఆ మాట ఎత్తకూడదు."

"ఏడు!" అన్నాడు సారు.

పండ్లామె చటుక్కున గంప మీద గుడ్డ కప్పింది. "బేరం కాడ ఆ మాటేంది నాయనా" అంది.

"అది లెక్క మాట కాదు సారూ, ఏడుపు మాట" అన్నాడు లక్ష్మీనరసయ్య. "కుప్ప ముందర కూచోని ఆ మాట అంటే రైతు చేట తీసుకోని కొడతాడు. మా నాయన అనలేదు, వాళ్ళ నాయనా అనలేదు."

"మొన్న వైర్‌లెస్సులో నువ్వు నాకు చెప్పిన అంకె?"

"ఆరున్నొక్కటి, మూడు."

"అంటే డెబ్బై మూడు. వెనక చుక్క లేదు."

"మీకు తెలీకుండా ఉంటాదా సారూ?"

సారు అద్దాలు తీశాడు. తుడవలేదు, చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తరువాత గిద్యోను వైపు తిరిగాడు. "నువ్వు పక్కనే ఉన్నావు కదయ్యా. ఈయన అలా అరుస్తుంటే విన్నావు కదా?"

గిద్యోను గొంతు సవరించుకున్నాడు. "విన్నా సార్. మా అమ్మ కూడా అట్లే అంటాది. మీకు తెలుసనుకున్నా."

"నేను పుట్టింది మద్రాసులో. మా నాన్న రైల్వే ఆఫీసరు. మా ఇంట్లో బియ్యం గోతాంలో వచ్చేవి. నాకెలా తెలుస్తుందయ్యా?" సారు గొంతు మొదటిసారి పెరిగింది. "ఇలాంటి అలవాట్లు ఇంకేమైనా ఉన్నాయా అని అడిగానా లేదా?"

"పిచ్చి అలవాట్లు ఉండాయా అని అడిగినారు సారూ. ఇది పిచ్చి అలవాటు కాదు గదా."

"అక్కడ ధాన్యం లేదు! అది ఆకాశం!"

"ఆకాశమైతే మాత్రం, మంచి జరగొద్దా సారూ?"

సారు జీపు బానెట్టు మీద పటం పరిచి డెబ్బై మూడు దగ్గర గీత గీశాడు. గీతలు పొదిలికి కాస్త దక్షిణంగా కలిశాయి. మేం నిలబడిన చోటుకు కూతవేటు దూరం. మూడు రోజులు ఇరవై కిలోమీటర్ల వెనక కంపలో దొర్లాం.

"ఎక్కండి" అన్నాడు.

పండ్లు జీపులోనే ఉన్నాయి, ఎవరూ తినలేదు. లక్ష్మీనరసయ్య ఒకటి చేతిలోకి తీసుకుని, సారు వీపు చూసి, మళ్ళీ కండువాలో పెట్టాడు.

ఆ గీతలు కలిసిన చోట గొర్రెలవాళ్ళ గూడెం ఒకటి ఉంది. పది పన్నెండు ఇళ్ళు. జీపు చూడగానే మగవాళ్ళు గొర్రెల్ని తోలుకుంటూ ఊరవతలికి బయల్దేరారు. మాలకొండమ్మ అని ఒక ముసలామె మాత్రం దొడ్డి ముందు నిలబడింది.

"గుమ్మటం ఏమన్నా పడిందా అవ్వా, ఈ మధ్య?" అన్నాను.

"గుమ్మటమేంది? మాకేం తెలీదు. మేం ఏమీ చూళ్ళేదు."

మూడు రోజుల్లో చూడలేదన్న మనిషి ఈమె ఒక్కతే. సారు కూడా అదే అనుకున్నట్టుంది, ముందుకొచ్చాడు. ఆయన కళ్ళు దొడ్డి కప్పు మీద ఆగాయి. బోదగడ్డి మీద తెల్లటి ప్లాస్టిక్కు పొర ఒకటి పరిచి, గాలికి లేవకుండా రాళ్ళు పెట్టారు.

"అదేమిటి?"

"వాన పట్టా."

"ఎక్కడిది?"

"ఇంట్లోదే. మా అత్త కాలం నాటిది."

గిద్యోను వెళ్ళి దాని అంచు పట్టుకుని చూశాడు. ఇంగ్లీషు అచ్చు అక్షరాలున్నాయి. "మీ అత్తకు ఇంగ్లీషు వచ్చా అవ్వా?" అన్నాడు.

ముసలామె కూలబడింది. "మేం ఏం చేయలేదు నాయనా! గొడుగు పట్టుకోని పైనుంచి దిగింది. కాడికి పోతే లోపల టిక్కు టిక్కుమంటాంది. యుద్ధం బాంబని మా యల్లయ్య అన్నాడు. గొర్రెలుండాయి, పిల్లోళ్ళుండారు, ఏం జెయ్యాల? ఎత్తుకపోయి పాతరలో ఏసి మూత బెట్టినాం."

పాతరంటే భూమిలో తవ్విన జొన్నల గొయ్యి. మూతి సన్నం, లోపల గది అంత ఉంటుంది. మూతికి బండ పెట్టి మట్టి మెత్తేస్తారు. ఎండ తగలదు, వాన తగలదు.

సారుకు నేను ఆ మాట చెప్పగానే ఆయన మొహం మారింది. "ఎలా వేశారు? మెల్లగా దించారా?"

"ఎట్ల ఏస్తారు నాయనా? బాంబును ముద్దు పెట్టుకుంటారా? దొర్లించినాం."

సారు మొహం మళ్ళీ మారింది.

"కింద గడ్డి ఉంటాదిలే సారూ" అన్నాడు లక్ష్మీనరసయ్య.

ముసలామె కేకేస్తే కొడుకు యల్లయ్య తిరిగి వచ్చాడు. బండ తీశారు. పులిసిన జొన్నల వాసన గుప్పుమంది. సారు బూట్లు విప్పి కాలు లోపల పెట్టబోయాడు. ముసలామె ఆయన చొక్కా వెనక పట్టుకుని లాగింది. గుండీ తెగింది.

"చస్తావు నాయనా! ఆవిరి పోవాల."

"ఎంతసేపు?"

"పోయేంతసేపు."

"ఎంతసేపమ్మా?"

"దీపం ఆరకుండా ఉండేంతసేపు."

లాంతరు వెలిగించి తాడుతో దించారు. ఠక్కున ఆరిపోయింది. సారు గట్టు మీద కూచున్నాడు. తూర్పున ఉరిమింది. మళ్ళీ వెలిగించి దించారు, మళ్ళీ ఆరింది. యల్లయ్య వేపమండతో మూతి దగ్గర విసురుతున్నాడు. సారు లేచి ఆ మండ లాక్కుని తనే విసరడం మొదలుపెట్టాడు. చెమటకు అద్దాలు జారుతున్నాయి. ఆయన చదివిన చదువులో దీనికి వేరే దారేదీ ఉన్నట్టు లేదు. గిద్యోను ఏదో అనబోయాడు. "మాట్లాడకు" అన్నాడు సారు.

లాంతరు నిలబడి వెలిగేసరికి పొద్దు వాలింది. యల్లయ్య దిగి పెట్టెకు తాడు కట్టాడు. నేనూ లక్ష్మీనరసయ్యా లాగాం. ఒక మూల సొట్ట పడింది. టిక్కు టిక్కు లేదు.

హైదరాబాదు దాకా ఆగమని గిద్యోను చెప్పాడు. సారు వినలేదు. అక్కడే నేల మీద కూచుని పెట్టె తెరిచాడు. లోపల రెండు రేకు డబ్బాలున్నాయి. డబ్బాకు పది గాజుపలకలు, ఒక్కొక్కటీ నల్లకాగితంలో చుట్టి, సందు లేకుండా అంటించి ఉన్నాయి. కాగితం విప్పకూడదు, వెలుతురు తగిలితే అంతే. చెవి దగ్గర పెట్టుకుని కొంచెం ఊపితే తెలుస్తుంది. పగిలితే లోపల గలగలమంటుంది.

మొదటిది ఊపాడు. చప్పుడు లేదు. "ఒకటి" అన్నాడు. పక్కన పెట్టాడు. "రెండు. మూడు." గూడెం వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ నిలబడ్డారు. "నాలుగు. ఐదు. ఆరు." అన్నీ బాగున్నాయి. ఆయన మొహం తేటపడింది. తరువాతది చేతిలోకి తీసుకుని, తల ఎత్తి లక్ష్మీనరసయ్య కళ్ళలోకి చూశాడు.

"ఏడు!" అన్నాడు గట్టిగా.

ఊపాడు. గలగలమంది.

లక్ష్మీనరసయ్య మబ్బుల వైపు చూశాడు. పండ్ల దగ్గర జరిగిన గొడవ ముసలామెకు తెలియదు. సీతాఫలాల సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. అయినా ఆమే అంది: "అయ్యో, ఆ మాట ఎందుకంటివి నాయనా?"

"దొర్లించింది మీరు!" అన్నాడు సారు. "పగిలింది దొర్లిస్తే! మాటకు గాజు పగలదు!"

"నిజమే నాయనా" అంది ముసలామె. ఒప్పుకున్నట్టు లేదు.

సారు మిగతావి చూశాడు. ఎనిమిది, తొమ్మిది, పది. బాగున్నాయి. రెండో డబ్బా తెరిచాడు. ఇది సొట్టపడిన మూలలో ఉన్న డబ్బా. ఒకటి, రెండు, మూడు. గొంతు తగ్గింది. నాలుగు, ఐదు, ఆరు.

తరువాతది తీశాడు. చెవి దగ్గర పెట్టాడు. ఊపలేదు. చేయి అలాగే ఉంది. మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశాడు, గిద్యోనును, నన్ను, యల్లయ్యను. లక్ష్మీనరసయ్య వైపు మాత్రం చూడలేదు. దూరంగా వాన వాసన తగిలింది.

"ఆరున్నొక్కటి" అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

ఊపాడు. చప్పుడు లేదు. ఇంకోసారి ఊపాడు. లేదు.

"ఎనిమిది" అన్నాడు గబగబా.

పదికి పదీ బాగున్నాయి. డబ్బాల మూతలు బిగించి, పెట్టె జీపులో పెట్టి, దాని మీద దొడ్డి కప్పు మీది ప్లాస్టిక్కు కప్పబోతే ముసలామె అడ్డం వచ్చింది. సారు ఆ ప్లాస్టిక్కు ఆమెకే వదిలేసి, తన దుప్పటి కప్పాడు. చినుకులు మొదలయ్యాయి. నేను జీపు స్టార్టు చేశాను.

లక్ష్మీనరసయ్య ఒక కాలు జీపులో పెట్టి ఆగాడు. మొహం వెలిగిపోతోంది. "సారూ, నేను చెప్పలా..."

"నోరు మూసుకుని ఎక్కు" అన్నాడు సారు.